ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు రోజూ ఒక మాత్ర: ఇంట్లో పాటించవలసిన జాగ్రత్తలు

క్యాన్సర్ అనగానే మనకు సెలైన్‌తో ఎక్కించే మందులు, జుట్టు రాలిపోవడం, ఆసుపత్రి మంచం గుర్తుకొస్తాయి. కానీ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవారిలో కొందరికి రోజుకు ఒక మాత్ర చాలు. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఓసిమెర్టినిబ్ అలాంటి మాత్రలే. వీటిని బి.పి. మాత్రలాగే నీళ్లతో మింగి ఇంటి పనులు చూసుకోవచ్చు.

ఇంత తేలికగా కనిపించడం వల్లనే కొన్ని పొరపాట్లు జరుగుతున్నాయి. ముఖం మీద పొక్కులు రాగానే చాలామంది భయపడి మాత్ర మానేస్తారు. ఆయాసం పెరిగితే మాత్రం చలిగాలికి జలుబు చేసిందనుకుని వారం రోజులు ఇంట్లోనే ఉండిపోతారు. నిజానికి చేయవలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎందుకో తెలియాలంటే ముందు ఈ మాత్ర ఏం చేస్తుందో తెలుసుకోవాలి.

ఈ మాత్ర ఎలా పనిచేస్తుంది?

మన శరీరంలోని కణాల మీద, ఎప్పుడు పెరగాలో చెప్పే స్విచ్ వంటిది ఒకటి ఉంటుంది. దాని పేరు ఇ.జి.ఎఫ్.ఆర్. అవసరమైనప్పుడు వెలిగి, పని అయ్యాక ఆరిపోవడం దాని స్వభావం. కొందరి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో జన్యువు మారిపోవడం వల్ల ఈ స్విచ్ ఆరిపోకుండా వెలుగుతూనే ఉంటుంది. దాంతో కణాలు ఆగకుండా పెరుగుతాయి. ఈ మాత్ర ఆ స్విచ్‌ను ఆపుతుంది.

అయితే ఇదే స్విచ్ మన చర్మంలోనూ, పేగుల లోపలి పొరలోనూ, గోళ్ల చుట్టూ కూడా ఉంటుంది. మాత్ర అక్కడ కూడా కొంత పనిచేస్తుంది. పొక్కులు, విరేచనాలు, గోరుచుట్టు రావడానికి కారణం ఇదే. అవి మందు పడలేదనడానికి గుర్తులు కావు.

ఒకరి మాత్ర మరొకరికి పనికిరాదు

జెఫిటినిబ్ మొదట 2002లో జపాన్‌లో వాడుకలోకి వచ్చింది. ఇది కొందరికి బాగా పనిచేసి, మరికొందరికి అసలు పనిచేయకపోవడానికి కారణం అప్పట్లో వైద్యులకు తెలియదు. 2004లో అమెరికా పరిశోధకులు ఆ రహస్యం కనుగొన్నారు. ఇ.జి.ఎఫ్.ఆర్. జన్యువులో మార్పు ఉన్నవారికే ఇది బాగా పనిచేస్తుంది. 2009లో వెలువడిన ఆసియా దేశాల అధ్యయనంలో, ఈ మార్పు లేనివారికి జెఫిటినిబ్ కంటే కీమోథెరపీయే మేలని తేలింది.

ఈ మార్పు ఆసియా వారిలోనూ, స్త్రీలలోనూ, పొగ తాగనివారిలోనూ ఎక్కువగా కనిపిస్తుంది. కానీ మనిషిని చూసి చెప్పలేం. ముక్క తీసిన కణితిని గానీ, కొన్నిసార్లు రక్తాన్ని గానీ పరీక్ష చేసే చెప్పాలి. అందువల్ల మీ ఇంట్లో మిగిలిన మాత్రలను, ఎంత మంచి మనసుతోనైనా సరే, సంఘంలోని మరో రోగికి ఇవ్వకండి. ఆ జబ్బు పేరు ఒకటే అయినా, ఆ మందు వారికి పనికిరాకపోవచ్చు. వారికి పనిచేసే మందుకు ఆలస్యం కూడా అవుతుంది.

రోజూ ఎలా వేసుకోవాలి?

సాధారణ మోతాదు జెఫిటినిబ్ 250 మి.గ్రా., ఎర్లోటినిబ్ 150 మి.గ్రా., ఓసిమెర్టినిబ్ 80 మి.గ్రా. ఏదైనా రోజుకు ఒక్కసారే. మీ డాక్టరు గారు వేరే మోతాదు రాస్తే అదే పాటించండి.

జెఫిటినిబ్, ఓసిమెర్టినిబ్ తిన్నాక అయినా, తినకముందు అయినా వేసుకోవచ్చు. ఎర్లోటినిబ్ మాత్రం ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి. అంటే భోజనానికి కనీసం 1 గంట ముందు, లేదా భోజనం చేసిన 2 గంటల తర్వాత. ఉపవాస ప్రార్థన ఉన్న రోజున కూడా మాత్ర మానవద్దు, మంచినీళ్లతో వేసుకోండి. విరేచనాలు అవుతున్న రోజుల్లో మాత్రం ఉపవాసం ఉండకండి. ఒంట్లో నీరు తగ్గిపోయి ప్రమాదం రావచ్చు.

రోజూ ఒకే వేళకు వేసుకోవడం మంచిది. గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజు తేదీ మీద గుర్తు పెడితే, వేసుకున్నారో లేదో అన్న సందేహం రాదు. మరిచిపోతే ఏం చేయాలి? మీ వేళ ఉదయం 8 గంటలు అనుకుందాం. సాయంత్రం 6 గంటలకు గుర్తొస్తే వెంటనే వేసుకోండి. రాత్రి 10 గంటలకు గుర్తొస్తే ఆ రోజుకు వదిలేయండి. తర్వాతి మాత్రకు 12 గంటల కంటే తక్కువ సమయం ఉంటే వేసుకోకూడదని గుర్తుంచుకోండి. రెండు మాత్రలు ఒకేసారి ఎప్పుడూ వద్దు. వాంతి అయితే మళ్లీ ఇంకొకటి వేసుకోకండి, మరునాడు మామూలు వేళకు వేసుకోండి.

మింగడం కష్టమైతే మాత్రను పొడిగా నూరకండి. జెఫిటినిబ్‌ను అర గ్లాసు మంచినీళ్లలో వేసి, కరిగేదాకా కలిపి తాగవచ్చు. ఇందుకు 20 నిమిషాల వరకు పట్టవచ్చు. తర్వాత అదే గ్లాసులో మరో అర గ్లాసు నీళ్లు పోసి, కడిగి తాగితే అడుగున మిగిలినది కూడా లోపలికి పోతుంది. గర్భిణులు ఆ పొడిని, ఆ నీళ్లను ముట్టుకోకూడదు. ఈ మందు వాడే దంపతులు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి.

దీనితోపాటు ఇంకేం మింగుతున్నారు?

ప్రతిసారీ మేము ఈ ప్రశ్న అడుగుతాం. చాలామంది "ఇంకేమీ లేదు" అంటారు. సంచి విప్పితే నాలుగైదు రకాలు బయటపడతాయి. వాటిలో ఇవి ముఖ్యం:

గ్యాస్ మాత్రలు: జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటివి ఆ ఆమ్లాన్ని తగ్గించేస్తాయి. అప్పుడు క్యాన్సర్ మాత్ర వేసుకున్నా రక్తంలోకి సరిగా చేరదు. గ్యాస్ మాత్ర తప్పనిసరి అయితే ఎన్ని గంటల తేడా ఉండాలో డాక్టరు గారే చెప్పాలి. ఓసిమెర్టినిబ్‌కు ఈ ఇబ్బంది లేదు.

టీబీ మందు: మూత్రం ఎర్రగా వచ్చేలా చేసే రిఫాంపిసిన్, జెఫిటినిబ్ బలాన్ని ఐదింట నాలుగు వంతులకు పైగా తగ్గించేస్తుంది. మిగతా రెండు మాత్రల బలాన్ని కూడా బాగా తగ్గిస్తుంది. మన ప్రాంతంలో ఎడతెగని దగ్గుకు ముందు టీబీ మందులు వాడి, తర్వాత క్యాన్సర్ అని తెలుసుకున్నవారు ఉన్నారు. మీరు ఆ మందు ఇంకా వాడుతుంటే తప్పక చెప్పండి. టీబీ మందును కూడా మీ అంతట మీరు ఆపకండి.

మూర్ఛ మందులు: ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా క్యాన్సర్ మాత్ర బలాన్ని తగ్గిస్తాయి.

రక్తాన్ని పలుచన చేసే మందులు: వార్ఫరిన్ వంటివి వాడేవారిలో రక్తస్రావం జరగవచ్చు. రక్త పరీక్ష తరచుగా చేయించాలి.

పసరు మందులు, కషాయాలు: ఈ మాత్రలు కొందరిలో కాలేయాన్ని బాధిస్తాయి. అందులో ఏముందో తెలియని పసరు కూడా తోడైతే బాధ ఎవరివల్ల వచ్చిందో చెప్పడం కూడా కష్టం.

పొగ: ఎర్లోటినిబ్ వాడుతూ బీడీ, సిగరెట్ తాగితే మందు ఒంట్లో నిలవదు.

ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని రండి. చీటీ కంటే సంచి నయం.

మాత్ర ఆపకుండా సర్దుకోదగిన ఇబ్బందులు

పొక్కులు: మొదటి వారాల్లో ముఖం, ఛాతీ, వీపు మీద మొటిమల్లాంటివి వస్తాయి. ఇవి అంటుకోవు, అమ్మవారు కాదు. పిల్లలను దూరంగా ఉంచనవసరం లేదు. గిల్లకండి, నలుగు పెట్టి రుద్దకండి. దుకాణంలో దొరికే మొటిమల క్రీములు చర్మాన్ని ఇంకా ఎండబెడతాయి. సువాసన లేని మాయిశ్చరైజర్ రాసుకుని, ఎండలో గొడుగు వాడండి. ఎక్కువైతే మందు రాసిస్తాం.

విరేచనాలు: మొదలైన వెంటనే ఓ.ఆర్.ఎస్. తాగండి. గంజి, పలుచని మజ్జిగ, అరటిపండు మంచివి. కారం, నూనె తగ్గించండి. మామూలు కంటే రోజుకు 4 సార్లు ఎక్కువ అయితే, తల తిరుగుతుంటే, మూత్రం తగ్గితే వెంటనే మాకు తెలియజేయండి.

గోరుచుట్టు: గోళ్లను మరీ లోపలికి కత్తిరించకండి. బిగుతు చెప్పులు వేసుకోకండి. చీము పడితే చూపించండి.

ఒక్క రోజు కూడా ఆగకూడని లక్షణాలు

1. అకస్మాత్తుగా ఆయాసం రావడం, లేదా ఉన్న ఆయాసం పెరగడం, పొడి దగ్గు, జ్వరం. జెఫిటినిబ్ వాడేవారిలో సుమారు నూటికి ఒకరికి మందు వల్లనే ఊపిరితిత్తుల్లో వాపు వస్తుంది. మిగతా రెండింటితో కూడా రావచ్చు. ఇది ఎక్కువగా మొదటి మూడు నెలల్లో వస్తుంది, ప్రాణం తీయగలదు. ఇలా జరిగితే ఆ రోజు మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి రండి. రాత్రయినా, ఆదివారమైనా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి.

2. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం. కామెర్లకు పసరు పోయించడానికి తీసుకువెళ్లకండి. ఇక్కడికి తీసుకురండి, కాలేయ పరీక్ష చేయాలి.

3. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టడం, వెలుతురు చూడలేకపోవడం.

4. గుండె దడ, స్పృహ తప్పడం. ముఖ్యంగా ఓసిమెర్టినిబ్ వాడేవారు గమనించాలి.

ఆయాసంతో ఏ ఆసుపత్రికి వెళ్లినా మాత్ర డబ్బా వెంట తీసుకువెళ్లండి. "ఇది క్యాన్సర్ మాత్ర, దీనివల్ల ఊపిరితిత్తుల్లో వాపు రావచ్చట" అని అక్కడి డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాట చాలా సమయం కలిసి వచ్చేలా చేస్తుంది.

మానేయాలనిపించినప్పుడు

మందు పనిచేసేవారిలో కొన్ని వారాల్లోనే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, మనిషి తేరుకుంటాడు. అప్పుడే "నయమైపోయింది కదా" అనిపిస్తుంది. జబ్బు ముదిరినవారిలో ఈ మాత్ర క్యాన్సర్‌ను అణచి ఉంచుతుంది కానీ వేళ్లతో సహా పెకలించదు. మానేస్తే కొందరిలో అది మళ్లీ వేగంగా విజృంభిస్తుంది. బాగున్నారంటే మాత్ర పనిచేస్తోందని అర్థం.

డబ్బు ఇబ్బంది వల్ల రోజు విడిచి రోజు వేసుకునేవారు, ఆ మాట చెప్పడానికి మొహమాటపడేవారు కూడా ఉన్నారు. దయచేసి దాచకండి. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ మన దేశంలోనే, హైదరాబాద్‌లో కూడా తయారవుతున్నాయి. కంపెనీని బట్టి ధరలో చాలా తేడా ఉంటుంది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద మీకు ఏం వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను అడగండి. మాకు ముందే తెలిస్తే ఏదో ఒక దారి వెతకవచ్చు. తెలియకపోతే, తక్కువ మందు వేసుకున్నందువల్ల జబ్బు పెరిగిందా, మందే పనిచేయడం మానేసిందా అన్నది మేము చెప్పలేం. పనిచేస్తున్న మందును పొరపాటున మార్చే ప్రమాదం కూడా ఉంది.

ఇంట్లో ఒకరు, కొడుకో కోడలో మనవరాలో ఎవరైనా సరే, ఈ బాధ్యత తీసుకోండి. ఈ కాగితాన్ని క్యాలెండర్ పక్కన అంటించండి. పొక్కులొస్తే మాత్ర మానకుండా మమ్మల్ని అడగాలి. ఆయాసం వస్తే మాత్ర ఆపి వెంటనే బయలుదేరాలి. ఈ రెండు మాటలు ఇంట్లో అందరికీ నోటికి వచ్చి ఉండాలి.