ముగ్గురాయి దారిలో ఓబులవారిపల్లె స్టేషన్
పూర్తి రేకు నింపగలిగితేనే రైలు బాడుగ గిట్టుబాటు

ఓబులవారిపల్లె: ముగ్గురాయి నీటికంటే నాలుగు రెట్లకు పైగా బరువైన సరుకు. అందుచేత గని దగ్గర టన్ను ధర ఎంత అన్నదానితోపాటు, రేవుకు చేరేసరికి బాడుగ ఎంత పడుతుందన్నది కూడా వ్యాపారికి ముఖ్యమే. కడప సీమలోని ఈ చిన్న పల్లె స్టేషన్‌కు సరుకుల మార్కెట్టులో ప్రాధాన్యం రావడానికి కారణం అదే.

స్టేషన్ ఉన్న దారి పాతది. మద్రాసు రైల్వే కంపెనీ వేసిన పట్టాలు 1862లో రేణిగుంటకు, ఆ తరువాత ఈ ఊరు దాటి పుల్లంపేటకు, కడపకు చేరాయి. 1871లో రాయచూరు వద్ద బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో కలిశాయి. అయితే మద్రాసు-బొంబాయి రైళ్ళకు ఈ పల్లె దారిలోని ఒక మజిలీ మాత్రమే. సమీపంలోని నందలూరు లోకోషెడ్డుతో ఒక వెలుగు వెలిగింది. ఆవిరి ఇంజన్లు పోయాక ఆ షెడ్డూ మూతపడింది.

ఓబులవారిపల్లెకు చేరువలోని మంగంపేటలో ఉన్న ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోని అతి పెద్ద వాటిలో ఒకటి. ఇక్కడి తవ్వకం రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ చేతిలో ఉంది. చమురు బావులు తవ్వేటప్పుడు అడుగున ఉన్న ఒత్తిడిని అదిమి ఉంచేందుకు ముగ్గురాయి పొడిని బురదలో కలుపుతారు. రంగులు, రబ్బరు పరిశ్రమలూ దీనిని వాడతాయి. చమురు తవ్వకాలు మందగిస్తే ఇక్కడి పొడి మిల్లుల్లో సరుకు నిలవపడుతుంది.

పూర్వం కృష్ణపట్నం రేవుకు వెళ్ళే రైలు రేణిగుంట, గూడూరుల మీదుగా చుట్టు తిరగవలసి వచ్చేది. వెలిగొండలను తొలిచి ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలానికి కొత్త లైను వేశారు. చెర్లోపల్లి-రాపూరు మధ్య సుమారు 6.6 కిలోమీటర్ల సొరంగాన్ని 2019 సెప్టెంబరు 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. దానితో పల్లె స్టేషన్ జంక్షన్ అయింది.

అయితే దారి దగ్గరైనంత మాత్రాన చిన్న మిల్లుదారుకు బాడుగ తగ్గదు. సంచుల సరుకుతో ఒక రేకు నింపాలంటే రెండువేల టన్నులకు పైగా కావాలి. విడి వ్యాగన్ల బుకింగు పాతకాలపు మాట. మిల్లు నుంచి స్టేషన్‌కు లారీ, ఎగుమతి దిగుమతి కూలీ, గడువు దాటితే డెమరేజి అదనం. లారీ అయితే పాతిక ముప్పై టన్నులకే మిల్లు గుమ్మం నుంచి నేరుగా రేవుకు బయలుదేరుతుంది.

కనుక పలువురు మిల్లుదార్లు ఒకే రేవుకు, ఒకే తేదీకి సరుకు పోగుచేయగలిగితేనే ఈ జంక్షన్ వారికి కలిసివస్తుంది. అంతవరకు రేకులు పెద్ద పార్టీలవి, లారీలు చిన్న మిల్లులవి. కొండ తొలిచి మిగిల్చిన దూరం చిన్న మిల్లుదారు చిట్టాలో లాభంగా కనిపించదు.