గరుసు బాటల మీద సైకిలు

కళ్యాణదుర్గము ప్రాంతమున 'గ్రావెల్' అను మాట వినని రైతు ఉండడు. పొలములకు పోవు బాట మీద పరపించు ఎర్రని గరుసును కంట్రాక్టరు మొదలు కూలి వరకు అందరును ఆ పేరుతోనే పిలుతురు. ఆ మాటయే నేడు పాశ్చాత్య దేశములలో ఒక క్రీడకు పేరైనది. తారు రోడ్డును, మోటారుల రద్దీని విడిచి, గుట్టల నడుమ మట్టిబాటల వెంట సైకిలు మీద దినమంతయు తిరిగి వచ్చుటయే ఆ క్రీడ. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున ఎంపోరియా అను ఊరిలో 2006లో మొదలైన పందెము దీనికి మొదట పేరు తెచ్చినది. 2022లో అంతర్జాతీయ సైకిలు సమాఖ్య ఇటలీలో తొలి ప్రపంచ పోటీలను జరిపినది. పందెముల ముచ్చట చెప్పుట మా ఉద్దేశము కాదు. అట్టి బాటలు మన కరవు సీమలోను కలవు. వానిని ఎవరు వేసిరి, వాని మీద చక్రము ఎట్లు నడచును అను రెండు విషయములే ఇచట చెప్పదలచితిమి.

ఈ క్రీడ మీద మక్కువ గలవారు ఎక్కువగా తలచుకొనునది మధ్యధరా సముద్రపు కొండసీమలను. ఇటలీలోని టస్కనీలో ద్రాక్షతోటల నడుమ, ఆలివు చెట్ల నడుమ సుద్దవలె తెల్లనైన రాతిబాటలు పోవుచుండును. ఒకప్పుడు బండ్లు నడచిన ఆ బాటలు ఒక్కొక్కటిగా తారు క్రిందికి పోవుచుండగా, వానిని నిలుపవలెనను పట్టుదలతో 1997లో గయోలె అను చిన్న ఊరినుండి ఒక సైకిలు యాత్రను ప్రారంభించిరి. పాతకాలపు ఇనుప సైకిళ్ళ మీదనే పోవలెనని దాని నియమము. 'ఎరోయికా' అను పేరుగల ఆ యాత్రకు నేడు దేశదేశముల నుండి జనము వత్తురు. స్పెయినులో మరియొక త్రోవ త్రొక్కిరి. మూతబడిన రైలు మార్గముల పట్టాలు తీసివేసి 1993 నుండి వానిని సైకిలు బాటలుగా మార్చుచు వచ్చిరి.

ఆ సీమకును మన సీమకును పోలిక యెక్కడిదని చదువరులు అడుగవచ్చును. ఏథెన్సు నగరమున సంవత్సరమునకు పడు వాన సుమారు 400 మిల్లీమీటర్లు. అనంతపురము జిల్లా సగటు సుమారు 550. లెక్కకు మనదే ఎక్కువ! అయినను ఆలివులు పండు నేల అది, వేరుసెనగ యెండు నేల ఇది. అచట వాన చలికాలమున పడును, తడి నేలలో నిలుచును. ఇచట జూను మొదలు అక్టోబరు వరకు, ఎండయు గాలియు ఆరబెట్టుచుండగా, అది కూడ విడతలు విడతలుగా పడును. నైరుతి మేఘము పడమటి కనుమల మీదనే బరువు దించుకొనును. ఈశాన్య మేఘము తూర్పు తీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. రెండింటికిని దూరపు చుట్టము వంటిది కళ్యాణదుర్గము.

ఇక నేల సంగతి. సముద్రమట్టమునకు సుమారు 650 మీటర్ల ఎత్తున నున్న ఈ పీఠభూమి అడుగున నున్నది నల్లరాయి జాతి. వేల యేండ్ల ఎండవానలకు ఆ రాయి చివికిపోగా, అందలి మెత్తని భాగము బంకమన్నై కొట్టుకొనిపోయి, గట్టివైన పలుగురాతి నలుసులు మిగులును. అదియే గరుసు. టస్కనీలో సున్నపురాయి కొట్టి పరచిన దానిని ఇచట ప్రకృతియే కొట్టి పెట్టినది. వాన వెలసిన రెండు గంటలకే ఈ నేల మీద చక్రము నడచును. నల్లరేగడి సీమలో అట్లు కాదు. అక్కడ వాన తరువాత సైకిలును భుజము మీద మోయవలసినదే.

ప్రకృతి కొట్టిపెట్టినను, బాటగా పరచినవి మనుష్యుల చేతులు. ఇచట మేము కొంచెము నిలువవలసి యున్నది.

అనంతపురము 1882లో ప్రత్యేక జిల్లా అయినది. అంతకు పూర్వము ఈ తాలూకాలన్నియు బళ్ళారి జిల్లాలోనివి. 1876 మొదలు 1878 వరకు నడచిన మహాకరవులో మద్రాసు రాజధానిలో మిక్కిలి నలిగిన జిల్లాలలో బళ్ళారి యొకటి. ప్రభుత్వము కరవు పనులు పెట్టినది. ఆ పనులలో ముఖ్యమైనవి చెరువు మన్ను తీయుట, బాటకు రాయి కొట్టుట. 1877 ఆరంభమున సర్ రిచర్డ్ టెంపుల్ సిఫారసు మీద మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చొప్పున ఇచ్చునట్లు నిర్ణయించిరి. ఒక పౌను అనగా అరకిలోకు తక్కువ. సమ్మెట యెత్తి రాయి కొట్టువానికి ఆ తిండి చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు కూలిని పెంచిరి. కాని ఆ కొన్ని నెలలలో ఆకలి తన పని తాను చేసెను.

కరవు వచ్చినపుడు బాట వేయుట అను ఈ పద్ధతి తెల్లవారితోనే పోలేదు. ప్రతి కరవులోను కంకర కొట్టి కూలి తెచ్చుకొనిన కథ ఈ సీమలోని వృద్ధులు చెప్పుదురు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకమును 2006 ఫిబ్రవరి 2వ తేదీన నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించినది ఈ జిల్లాలోని బండ్లపల్లి గ్రామముననే. ఆ పథకము క్రింద చేయదగిన పనులలో చెరువులు, గట్లతోపాటు పల్లెబాటలును చేరియుండెను. మన్ను త్రవ్వి, తట్టలకెత్తి, గరుసు పరచినవారిలో ఆడవారే చాలమంది. కనుక మన గరుసు బాట యన్నది విహారమునకై పుట్టినది కాదు. వాన రాని యేటి కూలి అది.

ఇక సైకిలు మాట. క్రొత్తగా వచ్చిన గ్రావెల్ సైకిళ్ళకు సాధారణముగా 40 మిల్లీమీటర్ల వెడల్పు గల టైర్లు వేయుదురు. ఇది గొప్ప నూతన కల్పన యని ప్రకటనలు చెప్పును. మన పాలవాడు, పోస్టుమాను త్రొక్కిన నల్లని సైకిలుకు టైరు 28 అంగుళములు ఒకటిన్నర. ఆ ఒకటిన్నర అంగుళమును కొలిచి చూచిన ఇంచుమించు అదే 40 మిల్లీమీటర్లు! తారు లేని దేశమునకు ఏ చక్రము తగునో మన తాతలకు పాత సైకిలే నేర్పినది.

భేదము పండ్లచక్రములలో నున్నది. మన సైకిలుకు ముందు 44 పండ్లు, వెనుక 18. పెడలు ఒకసారి తిరిగిన బండి సుమారు ఐదున్నర మీటర్లు ముందుకు పోవును. చదునులో ఇది మేలు, ఎక్కుడులో మోకాళ్ళకు శిక్ష. క్రొత్త సైకిలుకు గేరు మార్చిన అదే తిప్పునకు రెండు మీటర్లే పోవును గాని, గుట్ట నెక్కును. రెండవ భేదము గాలి. టైరును రాయివలె బిగించిన వేగము హెచ్చునని మన నమ్మకము. గరుసు మీద అది తప్పు. బిగిసిన టైరు ప్రతి రాతికిని ఎగిరిపడును, ఆ ఎగురుటలో మన బలము వృథా యగును. కొంచెము మెత్తనైన టైరు రాతిని మ్రింగి సాగిపోవును. డెబ్బది కిలోల మనిషికి చదరపు అంగుళమునకు 35 నుండి 40 పౌన్ల ఒత్తిడి చాలును.

ఈ మాటలను పుస్తకము నమ్మి చెప్పుట యెందుకని మొన్నటి డిసెంబరులో మేమును ఒక మిత్రుడును కళ్యాణదుర్గము నుండి ముదిగల్లు దిక్కునకు బయలుదేరితిమి. అచట చరిత్రకు ముందటి జనుల రాతి సమాధులు కలవు. నిలువు బండలతో గది కట్టి పైన పెద్దబండ మూసిన ఇట్టివానిని తెలుగునాట రాక్షసగుళ్ళనియు, పాండవగుళ్ళనియు పిలుతురు. మిత్రునిది క్రొత్త గ్రావెల్ సైకిలు, మాది పాత నల్ల సైకిలు. వేరుసెనగ కోతలై పొలములు బోడిగా నున్నవి. గరుసు మీద రెండును సమానముగా నడచినవి. వంక ఇసుకలో రెండును సమానముగా దిగబడినవి. ఎక్కుడులో మాత్రము మేము దిగి నడచితిమి. అందులో సిగ్గు లేదు, పైగా చుట్టును చూచుటకు తీరిక దొరకినది.

గొర్రెలు మేపుచున్న వృద్ధుడొకడు మమ్ము ఆపెను. "యాడికి సామీ, ఈ కంపల్లో?"

"రాక్షసగుళ్ళు చూడవలెనని, తాతా."

"ఈ బాటన పోతే పల్లేర్లు గాలి తీస్తాయి. వంక గట్టెమ్మట పోండి."

దగ్గర దారి యని మేము వినలేదు. పావుగంటలో మా ముందు చక్రము చప్పబడెను. పల్లేరుకాయ యెండినపుడు ముక్కలుగా విడిపోవును. ఒక్కొక్క ముక్కకు గట్టి ముండ్లుండును. అది నేల మీద ఎట్లు పడినను ఒక ముల్లు పైకే చూచుచుండును. మధ్యధరా తీరమునను ఇదే మొక్క మొలచును. అమెరికాలో దీనిని 'మేక తల' యని పిలిచి, అచటి సైకిలువారు మనవలెనే తిట్టుకొందురు. మిత్రుని టైరులోను ముండ్లు దిగినవి. కాని దానిలో ట్యూబు లేదు. లోపల పోసిన రబ్బరుపాల ద్రవము తెల్లగా చిమ్మి, రంధ్రమును తానే పూడ్చుకొనెను. ఆ ద్రవము మన ఎండలకు రెండు మూడు నెలలలో ఆరిపోవునని, మరల పోయుచుండవలెనని తెలిసికొని మేము కొంత ఊరట చెందితిమని ఒప్పుకొనవలెను.

పోదలచినవారికి కొన్ని మాటలు. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు మేలైన కాలము. మార్చి దాటినచో ఉదయము తొమ్మిదింటికే ఇల్లు చేరవలెను. జూను మొదలు ఆగస్టు వరకు పడమటి గాలి బలముగా వీచును. గుట్టల మీద గాలిమరలు నాటినది దాని కొరకే. ఆ నెలలలో పోవునపుడు పడమటికి ఎదురుగాలితో పోయి, అలసిన వేళ గాలినే తోడు తెచ్చుకొనుట తెలివి. గాలిమరలకు వేసిన గరుసు రోడ్లు చూచుటకు చక్కగా నుండును, ఎక్కుటకు మిక్కిలి నిటారు. బోరు నీటిలో చాలచోట్ల ఫ్లోరైడు హెచ్చు. కనుక ఊరిలో కుళాయి నీటిని అడిగి నింపుకొనవలెను, మనిషికి మూడు లీటర్లకు తక్కువ కూడదు. కళ్యాణదుర్గము, రాయదుర్గము ప్రాంతపు బండరాతి గుట్టలలో ఎలుగుబంట్లు కలవు. ప్రొద్దు గ్రుంకు వేళ, తెల్లవారుజామున గుట్టల అంచున తిరుగరాదు. సీతాఫలములు పండు దినములలో మరింత జాగ్రత్త.

టస్కనీలోవలె మన బాటలను కూడ తారు పడకుండ కాపాడవలెనని ఒకరిద్దరు యువకులు మాతో అనిరి. మేము అంగీకరింపలేదు. రాత్రివేళ నొప్పులు పడు స్త్రీని గరుసు బాట మీద ఆసుపత్రికి తీసికొనిపోవువారిని అడిగి, ఆ తరువాత ఆ మాట అనవలెను. ఊరికిని ఊరికిని నడుమ తారు పడవలసినదే. పొలమునకును పొలమునకును నడుమ నున్న బండ్లబాటల సంగతి వేరు. బండ్లు తగ్గిన పిమ్మట అవి ఒకవైపు సర్కారు కంపలకును, మరియొకవైపు గట్టు జరుపుకొను పొరుగువానికిని లోకువైనవి. అవి మాసిపోయిన గొర్రెలకును దారి లేదు, కోత నాటి కూలికిని దారి లేదు. మేము విచారించునది వానిని గూర్చియే.

ముదిగల్లు బండలను చూచి, ముప్పాతిక దారి సైకిలును నడిపించుకొని, మధ్యాహ్నమునకు కళ్యాణదుర్గము చేరితిమి. సైకిలు షాపు యజమాని ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగలు లెక్కించి, "మూడు పల్లేర్లు" అనెను. పిమ్మట మిత్రుని చక్రమును వ్రేలితో నొక్కి నొక్కి చూచి, లోపల ట్యూబే లేదని విని ఆశ్చర్యపడెను.

"దానంతటదే మూసుకుంటే మేమేం చేయాల సామీ?" అని నవ్వి, ఆకురాయి తీసి మా ట్యూబును గీకుట మొదలుపెట్టెను.