ఇంజను మార్చిన లారీకి చిక్కంతా అమ్మేనాడే!

పాత ఇంజను మూలపడితే షెడ్డులో మరొకటి ఎక్కించి లారీ నడుపుకుంటాం. బండి తిరిగినన్నాళ్లూ బాధలేదు. అమ్మబోయేనాడు బ్రేక్ ఇన్‌స్పెక్టరు చూసే ఇంజను నంబరు ఒకటి, ఆర్.సి.లో ఉన్నది మరొకటి అయితే బేరం అక్కడే ఆగిపోతుంది. కొనేవాడు అడ్వాన్సు తిరిగి అడుగుతాడు.

కనుక మొదట, ఇంజను కొన్న బిల్లుతో రవాణా కార్యాలయానికి వెళ్లి మార్పును ఆర్.సి.లో ఎక్కించుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్పేది ఇదే.

తరువాత పొగ పరీక్ష. ఇంజను వేడెక్కాక, బండిని న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటరు పూర్తిగా తొక్కుతారు. పొగ ఎంత వెలుతురును అడ్డుకున్నదో మీటరు చూపుతుంది. బి.ఎస్.4కు ముందటి డీజిలు బండ్లకు 65, బి.ఎస్.4 బండ్లకు 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు దాటరాదు. నల్లపొగ వస్తుంటే ఎయిర్ ఫిల్టరు, నాజిళ్లు, డీజిలు పంపు ముందే బాగుచేయించుకోవడం మేలు. అయితే పొగ పరీక్ష నెగ్గినంత మాత్రాన నంబరు తేడా తీరిపోదు.

డబ్బు చేతికందగానే పని అయిపోయిందనుకోరాదు. 29, 30 ఫారాలు నింపి, 14 రోజుల్లో కార్యాలయానికి తెలియజేయాలి. ఆర్.సి.లో పేరు మారకముందే ఆ లారీ ప్రమాదం చేస్తే, నష్టపరిహారం భారం పాత యజమానిపైనే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.