ఎండకూ వానకూ ఒకే టోపీ?

జూన్ నెలలో ఒక ఆదివారం ఉదయం 9 గంటలకు మీరు నోయిడాలోని ఓఖ్లా పక్షుల అభయారణ్యంలో నడుస్తున్నారనుకుందాం. యమునా నదిపై ఓఖ్లా బ్యారేజి వెనుక నిలిచిన నీటి చుట్టూ ఉన్న ఈ స్థలాన్ని 1990లో అభయారణ్యంగా ప్రకటించారు. చెట్ల నీడ కొంత మేరకే దొరుకుతుంది. మరి తలమీద ఏముండాలి? ముందువైపు మాత్రమే అంచున్న క్రికెట్ టోపీ చాలదా? చాలదు. అలాంటి టోపీతో ఒకసారి మూడు గంటలు తిరిగినందుకు ఈ వ్యాసకర్త చెవులూ, మెడ వెనుక భాగమూ కమిలిపోయాయి. చుట్టూ అంచున్న టోపీయే కావాలి. ఆ అంచు ఎంత వెడల్పుండాలో మీరు పదవ తరగతిలో చదివిన త్రికోణమితే చెబుతుంది.

సూర్యుడు మీకు ఎదురుగా ఉన్నాడు. టోపీ అంచు నేలకు సమాంతరంగా ఉంది. అంచు వెడల్పును సూర్యుని ఉన్నతి కోణపు టాంజెంటుతో గుణిస్తే, అంచు కింద ఎంత మేరకు నీడ పడుతుందో తెలుస్తుంది. ఆస్ట్రేలియా క్యాన్సర్ కౌన్సిల్ పెద్దలకు సూచించే కనీస వెడల్పు 7.5 సెం.మీ. దాన్నే తీసుకుందాం. నోయిడాలో జూన్ మూడవ వారంలో ఉదయం 9 గంటలకు సూర్యుడు దాదాపు 45 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 45 డిగ్రీల టాంజెంటు 1 కనుక నీడ 7.5 సెం.మీ. మాత్రమే. అంటే కళ్ళు నీడలో ఉంటాయి, గడ్డం ఎండలో ఉంటుంది. 10 గంటలకు కోణం 58 డిగ్రీలకు చేరి, నీడ 12 సెం.మీ. అవుతుంది. మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో సూర్యుడు 85 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. అప్పుడు అదే అంచు భుజాలను కూడా కాపాడుతుంది. డిసెంబరు చివరి వారంలో మిట్టమధ్యాహ్నం కూడా కోణం 38 డిగ్రీలే. నీడ 6 సెం.మీ. దాటదు.

ఇందులో మనకు అనుకూలించే విషయం ఒకటుంది. సూర్యుడు వాలి ఉన్నప్పుడు అతినీలలోహిత కిరణాలు వాతావరణంలో ఎక్కువ దూరం ప్రయాణించి బలహీనపడతాయి. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీలు దాటాడని, ఆ కిరణాలు తీవ్రంగా ఉన్నాయని గుర్తు. అంటే ప్రమాదం పెరిగేకొద్దీ అంచు పనితనమూ పెరుగుతుంది.

అయితే లెక్క ఇంతటితో ముగియదు. ఆకాశాన్ని నీలంగా చూపించే పరిక్షేపణం, తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ ఎక్కువవుతుంది. కాబట్టి అతినీలలోహిత కిరణాలలో పెద్ద భాగం సూర్యుని నుంచి నేరుగా కాక ఆకాశం నలుమూలల నుంచీ వస్తుంది. అంచు కింద ముఖం చల్లగా ఉన్నంత మాత్రాన చర్మం పూర్తిగా క్షేమంగా ఉందనుకోకూడదు.

ఇప్పుడు వాన సంగతి. వానచినుకునూ ఒక కిరణమే అనుకోండి. లెక్క మారదు. 2 మి.మీ. వ్యాసమున్న చినుకు గంటకు సుమారు 23 కి.మీ. వేగంతో దిగుతుంది. గాలి లేనప్పుడు మీరు గంటకు 5 కి.మీ. వేగంతో నడిస్తే, చినుకులు నిలువు నుంచి 12 డిగ్రీలు మాత్రమే వాలి ఎదురొస్తాయి. 7.5 సెం.మీ. అంచు ముందువైపు 35 సెం.మీ. కిందివరకూ అడ్డుపడుతుంది. కళ్ళజోడు పెట్టుకొనేవారికి ఇదెంత సుఖమో వారికే తెలుసు. అదే గంటకు 20 కి.మీ. ఎదురుగాలి వీస్తే రక్షణ 7 సెం.మీ.కు పడిపోతుంది.

అలాగని అంచును 15 సెం.మీ. చేద్దామా? గాలి తోపుడు దాని వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లు. వెడల్పాటి అంచు గాలిపటమై లేస్తుంది. 7 నుంచి 9 సెం.మీ. అంచు, గడ్డం కింద బిగించే తాడు — రాజీ ఇక్కడే కుదురుతుంది. వానకోటు ముసుగును టోపీ మీదుగా వేసుకొంటే అది కళ్ళమీదికి జారదు.

అసలు చిక్కు గుడ్డతోనే. మే నెలలో నోయిడాలో వీచే వడగాలి పొడిగా ఉంటుంది. నూలు టోపీని నీళ్ళలో ముంచి పెట్టుకొంటే ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరూ 580 కేలరీల దాకా వేడిని లాక్కుపోతుంది. ఇంతకంటే చవకైన శీతల యంత్రం లేదు. కాని తడిసిన పలచటి నూలుగుడ్డ పొడిగుడ్డ కంటే ఎక్కువ అతినీలలోహిత కిరణాలను లోపలికి రానిస్తుంది. అందుకని నేత దట్టంగా ఉండాలి. జులైలో గాలి నిండా తేమే. నూలు ఆరదు, బరువెక్కుతుంది, అంచు ముఖం మీదికి వేలాడుతుంది. అప్పుడు త్వరగా ఆరే పాలిస్టరు గాని, నైలాను గాని మేలు. నీటిని ఆపి చెమట ఆవిరిని బయటకు పంపే సన్నరంధ్రాల పొర ఉన్న టోపీలూ దొరుకుతాయి. లోపలికీ బయటికీ తేమలో తేడా ఉంటేనే ఆవిరి బయటకు పోతుంది. ఆషాఢ శ్రావణాల ఉక్కలో ఆ తేడా కొద్దిగానే ఉంటుంది కనుక, నా ఉద్దేశంలో అంత ఖరీదు పెట్టనక్కరలేదు. పక్కల జాలి ఉన్న మామూలు టోపీయే నయం. వరినాట్ల వేళ తాటాకు గిడుగు వేసుకొనే మన కూలీలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. నీరు జారిపోతుంది, కింద గాలి ఆడుతుంది.

టోపీ కొనబోయి టోపీ వేయించుకోకుండా ఉండాలంటే, దుకాణంలోనే దాన్ని వెలుతురుకు ఎత్తి చూడండి. నేతలోంచి చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే కిరణాలూ అలాగే దూరతాయి. చీటీ మీద 'యు.పి.ఎఫ్. 50' అని ఉంటే, గుడ్డ మీద పడిన అతినీలలోహిత కిరణాలలో యాభయ్యో వంతు, అంటే 2 శాతమే లోపలికి వస్తుందని అర్థం. అంచు అడుగుభాగం ముదురు రంగులో ఉంటే కింది నుంచి వచ్చే వెలుగు కళ్ళలోకి తిరిగి కొట్టదు.

సెలవుల్లో నోయిడా నుంచి ఉత్తరాఖండ్ కొండలకు వెళ్ళేవారికి ఈ చివరి సంగతి ముఖ్యం. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత తీవ్రత 10 నుంచి 12 శాతం పెరుగుతుంది. తుంగనాథ్ వంటిచోట 3,600 మీటర్లు దాటి ఉంటారు. గడ్డి, మట్టి, నీరు ఈ కిరణాలను 10 శాతం లోపే తిప్పికొడితే, కొత్తగా కురిసిన మంచు 80 శాతం దాకా తిప్పికొడుతుంది. కింది నుంచి వచ్చే కిరణాలను ఎంత వెడల్పు అంచైనా ఆపలేదు. అక్కడ టోపీతోపాటు నల్లకళ్ళజోడు తప్పనిసరి.

మైదానంలో మే నెల మధ్యాహ్నం మాత్రం ఏ టోపీనీ నమ్మి బయలుదేరకండి. టోపీ నీడ ఇస్తుందే గాని చుట్టూ ఉన్న గాలి వేడిని తగ్గించదు. తోటివారి మాట తడబడినా, తికమకపడినా వడదెబ్బ అని అనుమానించి వెంటనే నీడకు చేర్చండి. టోపీ తీసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, విసురుతూ ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.