ఒడిలో నిమిడెడు గణనయంత్రములు: వాని తెరలు, విడిభాగములు

బడికి బోవు బిడ్డకు లాప్‌టాప్ గాని టాబ్లెట్ గాని కొనవలెనని తలపని తలిదండ్రులు నేడరుదు. అంగడిలో వీనిని వరుసగా నిలిపియుంతురు. అన్నియు వెలుగుచునే యుండును. ఏది మిక్కిలి కాంతివంతముగా నున్నదో, ఏది మిక్కిలి పలుచగా నున్నదో దానిమీదికే చూపు పోవును. ఆ తెర యెట్లు వెలుగుచున్నది, ఆ పలుచదనము కొరకు తయారుచేసినవారు దేనిని వదలుకొనిరి, ఒక భాగము చెడినచో దానిని మాత్రమే మార్చుకొన వీలగునా, లేక యంత్రమంతయు మూలబడునా అని విచారించువారు మాత్రము కొలదిమంది. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది తెరలను గూర్చియు, విడదీయదగిన భాగములను గూర్చియు. మొదటిది కంటికి సంబంధించినది. రెండవది ఇంటి ఖర్చునకు సంబంధించినది. రెండవదియే ముఖ్యమని నా యభిప్రాయము. అయినను మొదటిదానినిగూర్చి కొంత తెలిసిననే గాని రెండవదానిని చక్కగా విచారింప వీలుగాదు.

పుస్తకమంత గణనయంత్రమను నూహ పిల్లల నిమిత్తమే పుట్టినదని చాలమంది యెరుగరు. 1972వ సంవత్సరమున అమెరికాలో జిరాక్స్ సంస్థవారి పరిశోధనాలయమున పనిచేయుచుండిన ఆలన్ కే యనునతడు "డైనబుక్" అను పేర నొక యంత్రమును వర్ణించి వ్యాసము వ్రాసెను. పలకవలె పలుచనై, మీటలును తెరయు ఒకేచోట గలిగి, పచ్చికమీద గూర్చుండి యిద్దరు పిల్లలు వాడుకొనుచున్నట్లు చిత్రమును గూడ నందు చేర్చెను. అప్పటి విద్యతో దానిని నిర్మింప వీలులేకపోయెను. కావున నది చిరకాలము కాగితముమీదనే నిలిచియుండెను. దానికి ముఖ్యమైన యడ్డంకులలో నొకటి తెర. తేలికగా నుండి, కొలది విద్యుత్తుతో నడచు తెర కావలసియుండెను.

అట్టి తెరకు మూలమైన పదార్థమును కనుగొన్నవాడు వృక్షశాస్త్రజ్ఞుడు! 1888వ సంవత్సరమున ఆస్ట్రియా దేశీయుడగు ఫ్రీడ్రిష్ రైనిట్జర్ కారెట్టు దుంపలనుండి తీసిన యొక పదార్థమును వేడిచేయుచుండగా, అది 145.5 డిగ్రీలవద్ద కరగి మబ్బుగట్టిన ద్రవమాయెను, 178.5 డిగ్రీలవద్ద ఆ మబ్బు విడిపోయి తేటపడెను. ఒకే వస్తువునకు రెండు కరగుస్థానము లుండుట వింతగా తోచెను. నడుమనున్న ఆ దశలో నది నీటివలె ప్రవహించును గాని, దాని యణువులు స్ఫటికమునందువలె నొక క్రమమున నిలిచియుండును. దీనికే ద్రవస్ఫటికమని పేరు.

దీనితో తెర యెట్లగునో చెప్పెదను. వెలుగు అలలవలె కంపించుచు ప్రయాణించును. సాధారణముగా ఆ కంపము అన్ని దిక్కులకును నుండును. దడి సందులగుండ కర్రను జొప్పింపవలెనన్న నిలువుగా పట్టినచో దూరును, అడ్డముగా పట్టినచో దూరదు గదా. అట్లే కొన్ని పలుచని పొరలు ఒక దిక్కున కంపించు వెలుగును మాత్రమే పోనిచ్చును. అట్టి పొరలను రెంటిని, ఒకటి నిలువుగను ఒకటి అడ్డముగను అమర్చినచో వెలుగు దాటదు. వాని నడుమ ద్రవస్ఫటికమును నింపినచో, అది లోనికి వచ్చిన వెలుగు కంపమును మెల్లగా మెలిద్రిప్పి రెండవ పొరకు సరిపోవునట్లు చేయును. అప్పుడు వెలుగు వెలికి వచ్చును. విద్యుత్తు తగిలింపగానే అణువులు నిక్కి నిలిచి ఆ మెలిక పోవును. ఆ చోట చీకటి యగును. ఈ విధముగా ప్రతి బిందువును ఒక చిన్న కిటికీ. ప్రతి బిందువులో ఎరుపు, పచ్చ, నీలము అను మూడు కిటికీలుండును. అడ్డముగా 1920, నిలువుగా 1200 బిందువులు గల సామాన్యమైన తెరలో 23,04,000 బిందువులును, 69,12,000 కిటికీలును గలవు. వీనియన్నిటి వెనుక నొక దీపము ఎల్లప్పుడును వెలుగుచునే యుండును. కిటికీలన్నియు మూసినను సందులగుండ కొంత వెలుగు కారును. రాత్రివేళ దీపములార్పి చూచినచో ఈ తెరలలోని నలుపు బూడిదరంగుగా కనబడుట కిదియే కారణము.

రెండవ రకపు తెరకు ఓలెడ్ అని పేరు. 1987లో కోడక్ సంస్థయందు పనిచేయుచుండిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనువారు కర్బన సమ్మేళనముల పలుచని పొరలగుండ కొలది విద్యుత్తును పంపి వెలుగు పుట్టించుటను ప్రకటించిరి. ఇందు వెనుక దీపము లేదు. ప్రతి బిందువును తానే దీపము. నలుపు కావలసినచోట దీపమారిపోవును గనుక అది నిజమైన నలుపు. ఈ పొరలను ప్లాస్టిక్ రేకుమీద గూడ పరువవచ్చును గావున తెర వంగును. 2020లో లెనోవో సంస్థవారు మధ్యకు మడచు లాప్‌టాప్‌ను అమ్మకమునకు తెచ్చిరి. 2024లో ఆసూస్ సంస్థవారు రెండు తెరలు గల దానిని తెచ్చిరి. 2025లో మరల లెనోవోవారు చాపవలె చుట్టుకొని, మీట నొక్కగా 14 అంగుళములనుండి 16.7 అంగుళములకు పెరుగు తెరగల దానిని చూపిరి. చూచి యానందింపవలసినవే. కాని యేండ్లకొలది ఒకే బొమ్మ ఒకేచోట నిలిచినచో ఓలెడ్ తెరపై దాని నీడ మిగిలిపోవుట గలదు. పదుగురు బాలురు చేతులు మార్చుకొను వస్తువునకు మడతలును చుట్టలును తగవని నా తలంపు.

ఈ రెండు విధములైన తెరలకును మన యెండ శత్రువు. వరండాలో గూర్చుండి చూచినచో మొగము కనబడును గాని అక్షరము కనబడదు. ఎలక్ట్రానిక్ కాగితమనబడు మూడవ రకము ఇందుకు భిన్నమైనది. దానిలో సన్నని బుడగలు, ప్రతి బుడగలోను తెల్లని, నల్లని రేణువులు వేర్వేరు విద్యుదావేశములతో తేలుచుండును. విద్యుత్తు దిక్కు ననుసరించి తెలుపో నలుపో పైకి వచ్చును. ఒకసారి వచ్చిన తరువాత విద్యుత్తు లేకున్నను అచ్చటనే నిలుచును. ఎండ పెరిగినకొలది అక్షరము స్పష్టపడును. అయితే చలనచిత్రము చూచుటకు దాని వేగము చాలదు, రంగులును మందముగానే యుండును. చదువుటకు మాత్రమే కావలసినవారి కిది యుత్తమము.

ఎండ సంగతిని బాలుర పక్షమున మొదట నాలోచించి చేసిన లాప్‌టాప్ ఒకటి గలదు. "బాలునికొక లాప్‌టాప్" అను నుద్యమము పక్షమున నికొలస్ నెగ్రోపాంటి 2005 నవంబరులో ట్యూనిస్ నగరమున జరిగిన సభలో దాని నమూనాను ప్రదర్శించెను. ఆకుపచ్చని యా పెట్టెకు విద్యుత్తు పుట్టించుటకై త్రిప్పెడు పిడి యొకటి యుండెను. ఆ ప్రదర్శనమునందే ఆ పిడి ఊడిపోయెనని చెప్పుదురు. 2007లో వెలువడిన యసలు యంత్రమునకు పిడి లేదు. కాని దాని తెర యద్భుతము. మేరీ లూ జెప్సెన్ అను శాస్త్రజ్ఞురాలు దానిని కల్పించెను. నీడలో వెనుక దీపముతో రంగులు చూపును. ఎండలో దీపమార్పివేసి సూర్యకాంతినే ప్రతిఫలింపజేసి, నలుపు తెలుపులలో, అంగుళమునకు 200 బిందువుల సూక్ష్మతతో అక్షరములు చూపును. మీటలమీద దుమ్ము, నీరు దూరకుండ రబ్బరు పొర యుండెను. పిల్లలే విప్పి బాగుచేసికొనుటకై, పోయిన స్క్రూలకు బదులుగా కొన్నిటిని పట్టుపిడిలోనే దాచియుంచిరి! ఆ స్క్రూల సంగతి చదివినప్పుడు దానిని చేసినవారికి పిల్లలతో పరిచయము గలదని నాకు తోచెను.

మహారాష్ట్రములోని ఖైరత్ గ్రామపు బడిలో 2007లో ఆ యంత్రములను పరీక్షించి చూచిరి. ఉరుగ్వే దేశమున 2009 నాటికి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల బాలబాలికలకందరికిని వానిని పంచిరి. పెరూ దేశమున గూడ విరివిగా పంచిరి గాని, అచ్చట జరిపిన పరిశీలన ఫలితములు 2012లో వెలువడగా, లెక్కలలోను భాషలోను పిల్లలు ముందడుగు వేసినట్లు కనబడలేదు. ఉపాధ్యాయులకు తగిన శిక్షణము లేకపోవుట యందుకొక కారణమని నేననుకొందును. నూరు డాలర్లకే యిత్తుమన్న యంత్రము ఇన్నూరు డాలర్లకు చేరువ యాయెను. అయినను ఎండలో చదువదగిన తెరయు, చేతితో విప్పదగిన పెట్టెయు నొకేచోట కూర్చిన ఘనత దానిదే.

ఇక విడిభాగముల సంగతి. క్రిందటి యేట మా పదవతరగతి బాలుడొకడు తన టాబ్లెట్‌ను నాకు చూపెను. విద్యుత్తు తీగను దూర్చు రంధ్రము వదులైపోయి యంత్రము మేల్కొనుట లేదు. తెర నిక్షేపముగా నున్నది. తక్కిన భాగములకును లోపము లేదు. పట్టణములోని మరమ్మతు దుకాణమువారు ఆ రంధ్రము ప్రధాన ఫలకమునకే అతికియున్నదనియు, ఫలకమే మార్చవలెననియు, దానికగు వెలతో క్రొత్త టాబ్లెటే వచ్చుననియు చెప్పిరట. వాని తండ్రి తాపీపని చేయువాడు. "మాస్టరుగారూ, చిల్లు ఒక్కటి పాడైతే పెట్టెంతా పోయినట్టేనా అండీ?" అని నన్నడిగెను. ఆ ప్రశ్నకు పలుచని యంత్రములను చేయువారే సమాధానము చెప్పవలెను. పలుచదనము కొరకు వారు స్క్రూలకు బదులు జిగురు వాడిరి. అమరికలకు బదులు టంకము పోసి యతికిరి.

ఈ పద్ధతికి మారుగా నొక సంస్థ నిలిచినది. నీరవ్ పటేల్ అనునతడు అమెరికాలో స్థాపించిన ఫ్రేమ్‌వర్క్ అను సంస్థ 2021లో తన మొదటి లాప్‌టాప్‌ను వెలువరించెను. దాని ప్రక్కలందు నాలుగు గూళ్లు గలవు. అగ్గిపెట్టెకంటె చిన్నవైన బిళ్లలను ఆ గూళ్లలో జొప్పింపవచ్చును. ఒక బిళ్లలో పెద్దతెరకు తీగ తగిలించు రంధ్రము, మరొకదానిలో ఫోటోల కార్డు దూర్చు చీలిక, ఇంకొకదానిలో అదనపు నిల్వ, ఇట్లు కావలసినవి యెన్నుకొనవచ్చును. విద్యుత్తు తీగయు ఇట్టి బిళ్లకే తగులును. తీగ కాలికి తగిలి యా రంధ్రము చెడినచో బిళ్లను లాగివేసి వేరొకదానిని పెట్టుకొనవచ్చును. ఆ తాపీమేస్త్రి ప్రశ్నకు ఇదియే సరియైన సమాధానము. బ్యాటరీ, మీటల ఫలకము, తెర, మెమరీ మొదలగునవన్నియు పెట్టెతో వచ్చు ఒకే స్క్రూడ్రైవరుతో విప్పబడును. మూడేండ్లకు యంత్రము మందగించినదన్నచో ప్రధాన ఫలకమును మాత్రము మార్చిన చాలును. తీసివేసిన పాత ఫలకమును వేరొక పెట్టెలో నమర్చి చిన్న గణనయంత్రముగా వాడుకొనవచ్చును. 2025లో ఆ సంస్థవారే విద్యార్థులను దృష్టియందుంచుకొని, వెనుకకు మడచి టాబ్లెట్‌వలె వాడదగిన 12 అంగుళముల చిన్నదానిని తెచ్చిరి.

ఇదంతయు విని తక్కినవారందరు దుర్మార్గులని తలపరాదు. విడదీయదగిన పెట్టెకు మందమెక్కువ, వెలయు తరచుగా నెక్కువ. గూగుల్ సంస్థవారు "ఆరా" అను పేర బిళ్లబిళ్లలుగా కూర్చదగిన ఫోన్ చేయబూని 2016లో మానుకొనిరి. మెమరీని ఫలకమునకే యతుకుటకును హేతువు లేకపోలేదు: దారి యెంత దగ్గరయైన సంకేతము అంత త్వరగా పోవును, బ్యాటరీయు అంత పొదుపగును. అయితే 2024లో లెనోవోవారు తమ థింక్‌ప్యాడ్ లాప్‌టాప్ ఒకదానిలో, ఆ పొదుపు మెమరీనే స్క్రూలతో బిగింపదగిన చిన్న ఫలకముగా మార్చి యమర్చిరి. ఆ యేటనే వారి వేరొక థింక్‌ప్యాడ్‌కు, మరమ్మతు సౌలభ్యమును పరీక్షించు ఐఫిక్సిట్ అను సంస్థ 10కి 9 మార్కులిచ్చెను. కావున పలుచదనమునకును మరమ్మతునకును పొత్తు కుదురదను వాదము మునుపటివలె చెల్లదు.

2022వ సంవత్సరమున లోకమంతట పారవేసిన విద్యుత్ పరికరముల బరువు 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందు సరియైన పద్ధతిని సేకరించి మరల వాడుకకు తెచ్చినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతము మాత్రమే. ఆ యేడు డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి బాలబాలికలకు సుమారు 5 లక్షల టాబ్లెట్లు పంచిరి. ఒకేనాడు పంచిన యంత్రముల బ్యాటరీలు రమారమి ఒకే కాలమున ముసలివగును. లిథియము బ్యాటరీ కొన్ని వందల పర్యాయములు నింపిన పిమ్మట క్రమముగా శక్తి తగ్గును. ప్రతిదినము నింపువారికి మూడు నాలుగేండ్లలో నది తెలిసివచ్చును. యంత్రములో మొదట చెడునది సాధారణముగా నిదియే.

ఫ్రేమ్‌వర్క్ యంత్రములను మన యూరి యంగళ్లలో నేను చూడలేదు. ఉన్నవానిలోనే యెన్నుకొనవలెను. కొనబోవు తలిదండ్రులు అంగడివానిని, బ్యాటరీ స్క్రూలతో బిగింపబడినదా, జిగురుతో నతుకబడినదా అని మొదట నడుగుడు. తరువాత, మెమరీని పెంచుకొన వీలగునా యనియు, తెర పగిలినచో దాని వెల యెంతయనియు నడుగుడు. సాధ్యమైనచో యంత్రమును గుమ్మము వెలుపలికి తెచ్చి యెండలో నొక పుట చదివి చూడుడు. అంగడివాడు విసుగుకొన్నను ఫరవాలేదు. 2022 డిసెంబరు 24వ తేదీన భారత ప్రభుత్వ వినియోగదారుల శాఖవారు మరమ్మతు హక్కు నిమిత్తమై ఇంటర్నెట్టునందు ఒక ద్వారము తెరచిరి. పలు సంస్థల మరమ్మతు వివరములు, విడిభాగములు, హామీ నియమములు అందు చేర్చబడినవి. కొనుటకు ముందే వానిని చూచుకొనవచ్చును.