పత్తినీ రేగడినీ ఒకటే అనే ముల్లు

పుదూరు చుట్టుపక్కల, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతమంతా నేల నలుపు. తమిళులు కరిసల్ అంటారు. తరాలుగా అక్కడ సేద్యం చేస్తున్న తెలుగువాళ్లకు అది రేగడి. అందులో విచ్చిన పత్తేమో తెల్లన. ఫొటో తీసేముందు వెలుతురు కొలిచే లైట్ మీటర్‌ను తికమకపెట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ఎదురుగా ఉన్నది మట్టో పత్తో మీటర్‌కు తెలియదు. ఏదైనా సరే నడిమి బూడిదరంగేనని, తన మీద పడిన వెలుతురులో సుమారు 18 శాతం తిప్పికొడుతుందని లెక్క కడుతుంది. దున్నిన రేగడికి గురిపెడితే వెలుతురు చాలదంటుంది; ఫొటోలో నేల పాలిపోతుంది. పత్తి కుప్పకు గురిపెడితే వెలుతురు మిగిలిపోయిందంటుంది, పత్తి మాసిపోతుంది.

ఈ పరికరం పుట్టుక సముద్రం పుణ్యమే. 1873లో ఇంగ్లండ్ ఇంజనీరు విల్లోబీ స్మిత్ సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగల పరీక్షకు సెలీనియం కడ్డీలు వాడుతుంటే, వాటి నిరోధం నిలకడగా ఉండేది కాదు. మీద పడే వెలుతురే కారణమని తేలింది. పదేళ్లకు అమెరికాలో చార్లెస్ ఫ్రిట్స్ సెలీనియం మీద పలచని బంగారు పొర పరిచి వెలుతురుతో కరెంటు పుట్టించాడు. పుట్టింది కొద్దిపాటే, కానీ ఒక సన్నని ముల్లును కదిలించడానికి అంతకంటే ఎందుకు? 1932లో వెస్టన్ కంపెనీ సెలీనియంతో పనిచేసే ఎక్స్‌పోజర్ మీటర్ అమ్మకానికి పెట్టింది. దానికి బ్యాటరీ అక్కర్లేదు.

బూడిదరంగు చిక్కు తీర్చినవాడు డాన్ నార్వుడ్. మీటర్‌కు తెల్లని అర్ధగోళం తొడిగి, వస్తువు తిప్పికొట్టే వెలుతురును వదిలేసి దాని మీద పడే వెలుతురునే కొలిచాడు. రైతు పక్కన నిలబడి గోళాన్ని కెమెరా వైపు తిప్పితే, వెనక నల్లమట్టి ఉన్నా తెల్లపంచె ఉన్నా రీడింగ్ మారదు. సెకోనిక్ ఎల్-398 మీటర్ ఆ వంశంలోదే. రేగడి నేలలో పనికి నా ఓటు దానికే.

గాసెన్ లూనాసిక్స్ మీటర్ మసక వెలుతురునూ పట్టేస్తుంది గానీ, 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీల కాలం నాటిది. వాటి బదులు 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే లెక్క తప్పవచ్చు. అడాప్టర్ దొరికితేనే అటు చూడండి.

పాత సెలీనియం మీటర్ కొనేముందు సెల్‌ను చేత్తో మూయండి. ముల్లు సున్నా మీద నిలవాలి. నిలవకపోతే వెనక స్క్రూతో సరిచేయవచ్చు. తర్వాత చీకటి గదిలో ఒకే బల్బు వెలిగించి రెండడుగుల దూరంలో, నాలుగడుగుల దూరంలో గోళంతో కొలవండి. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడుతుంది కాబట్టి ముల్లు దాదాపు రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగం) దిగాలి. నడినెత్తి ఎండలో, ఐఎస్ఓ 100 దగ్గర, సెకనులో 125వ వంతుకు ఎఫ్/16 చుట్టుపక్కల చూపాలి.

సెలీనియంకు శత్రువు తేమ, ముల్లుకు శత్రువు దెబ్బ. కరిసల్ గాలి పొడిగానే ఉంటుంది, అదొక మేలు. దుమ్ము మాత్రం గోళాన్ని గీకేస్తుంది. రుద్దకుండా రబ్బరు బుడ్డితో ఊదండి. గోళం పసుపెక్కిందో, మీటర్ ఎంత మెరుస్తున్నా వద్దనండి.