పాలియేటివ్ టీమ్ వస్తామంటే వద్దనకండి

మూడేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం నా స్నేహితురాలు ఫోన్ చేసి ఏడ్చింది. "అక్కా, పాపని పాలియేటివ్ కేర్ వాళ్లకి రిఫర్ చేస్తామంటున్నారు. ఇంక ఆశ లేదనేగా?" అని. అప్పటికి పాపకి ఐదేళ్లు. నరాలను క్రమంగా దెబ్బతీసే జన్యు వ్యాధి.

నేను బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను. ఇంగ్లండ్ వచ్చాక ఇంటిపట్టునే ఉన్నా, మా తెలుగువాళ్లలో ఆరోగ్యం సంగతి ఏదొచ్చినా ముందు నన్నే అడుగుతారు. ఆ రోజు నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "అప్పుడే ఏంటి? వద్దని చెప్పు. ఇంకో డాక్టర్‌ని చూద్దాం" అన్నాను.

నా మాట విని వాళ్లు వద్దన్నారు. రావాల్సిన సాయం ఎనిమిది నెలలు ఆలస్యమైంది. ఆ ఎనిమిది నెలల్లో పాప రెండుసార్లు ఛాతీ ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో చేరింది. ఎత్తి దించీ ఎత్తి దించీ వాళ్లమ్మకి నడుము పట్టేసింది. పాప అన్నయ్య స్కూల్లో మాట్లాడటం తగ్గించేశాడు. తర్వాత ఆ టీమ్ వచ్చాక నేను చూసినవి, చదివి తెలుసుకున్నవి ఆ తల్లి అనుమతితోనే రాస్తున్నాను. నాలా ఇంకొకరు తప్పు సలహా ఇవ్వకూడదని.

అసలు ఏమిటిది?

మన ఊళ్లో తాతయ్యకో, పెద్దమ్మకో క్యాన్సర్ ముదిరాక "ఇంటికి తీసుకెళ్లండి" అనడం చూశాం. అందుకే ఆ మాట వినగానే గుండె జారిపోతుంది. పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వేరు. జబ్బు బయటపడినప్పటి నుంచే ఈ సేవ మొదలుకావాలి. జబ్బుకి చికిత్స జరుగుతున్నా, జరగకపోయినా ఇది పక్కనే సాగుతుంది. బిడ్డ శరీరం, మనసు, కుటుంబం అన్నీ ఇందులోకే వస్తాయి. ఈ పిల్లల్లో చాలామందికి ఉండేది క్యాన్సర్ కాదు. కండరాల, నరాల, గుండె జబ్బులతో ఏళ్ల తరబడి ఈ సేవలు పొందేవాళ్లు ఉన్నారు.

ప్రపంచంలో మొట్టమొదటి పిల్లల హాస్పిస్ 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైంది. పేరు హెలెన్ హౌస్. ఇప్పుడు యూకేలో ఇలాంటివి 50కి పైగా ఉన్నాయి. ఎక్కువగా విరాళాలతో నడుస్తాయి, కుటుంబాల దగ్గర డబ్బు తీసుకోరు. అమెరికాలో మెడికెయిడ్ ఉన్న పిల్లలకి హాస్పిస్ సేవలూ, జబ్బుకి చికిత్సా రెండూ కలిపి ఇవ్వాలని 2010 ఆరోగ్య చట్టంలోనే ఉంది. ఒకటి కావాలంటే రెండోది వదులుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లో మన బంధువుల పిల్లలకి అవసరమైతే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లల పాలియేటివ్ సేవలు ఉన్నాయి.

నయం కాని జబ్బులో ఆరోగ్యమా?

నాకూ మొదట ఈ ప్రశ్నే వచ్చింది. 1986లో కెనడాలోని ఒటావాలో జరిగిన సమావేశం ఒక ప్రకటన చేసింది. మనుషులు రోజూ బతికే చోట, చదువుకునే చోట, ఆడుకునే చోటే ఆరోగ్యం తయారవుతుందని దాని సారాంశం. తీవ్రమైన జబ్బులో ఉన్నవాళ్లకీ ఇదే వర్తిస్తుందని అలన్ కెల్లహియర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1999లో ఒక పుస్తకమే రాశారు. పాప జబ్బు తగ్గకపోవచ్చు. కానీ రాత్రి నిద్ర, విరేచనం, పళ్లు, ఆట, స్కూలు, వీటిని బాగుచేయొచ్చు.

ఆ ఇంట్లో జరిగినవే చెప్తాను. మొదటి వారంలోనే మింగడం పరీక్షించే థెరపిస్ట్ వచ్చింది. పాపకి మెత్తగా ఉంటుందని మేమందరం చారన్నమే పెట్టేవాళ్లం. మింగే కండరాలు బలహీనంగా ఉన్నప్పుడు పల్చటి ద్రవాలే ఎక్కువ ప్రమాదమట, తొందరగా ఊపిరితిత్తుల వైపు జారిపోతాయి. చారు మానేసి, గరిటజారుగా కాకుండా ఒకే తీరున చిక్కగా రుబ్బిన పప్పన్నం పెట్టమంది. కూర్చోబెట్టే పద్ధతి మార్చింది. ఆ రెండు ఇన్‌ఫెక్షన్లకీ చారే కారణమని ఎవరూ ఖాయంగా చెప్పలేదు. నాకు మాత్రం ఆ ఎనిమిది నెలలు గుర్తొస్తూనే ఉంటాయి.

మాటలు రాని పిల్లల నొప్పిని ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం అనే 5 విషయాలకి ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు వేసి అంచనా కడతారు. వాళ్లమ్మ ఇది నేర్చుకున్నాక "ఊరికే మారాం చేస్తోంది" అన్న మాట ఆ ఇంట్లో వినపడలేదు.

టీకాల సంగతి కూడా. ఇక్కడ స్కూళ్లలో వేసే ఫ్లూ టీకా ముక్కులో స్ప్రే. అందులో బలహీనపరచిన బతికున్న వైరస్ ఉంటుంది కాబట్టి, రోగనిరోధక శక్తి బాగా తగ్గిన పిల్లలకి ఇంజెక్షన్ వేస్తారు. బిడ్డని చూసుకునే తల్లిదండ్రులకి కూడా ఎన్‌హెచ్‌ఎస్‌లో ఫ్లూ టీకా ఉచితం. జీపీ దగ్గర "కేరర్" అని నమోదు చేయించుకోండి.

అమ్మ నడుముకి లిఫ్టింగ్ హాయిస్ట్ వచ్చింది. అన్నయ్య కోసం హాస్పిస్‌లో తోబుట్టువుల గ్రూప్ ఉంది. అక్కడ వాడు మొదటిసారి అడిగిన ప్రశ్న "చెల్లి జబ్బు నాకూ వస్తుందా?" అని. అన్నాళ్లూ ఆ భయాన్ని వాడు ఎవరికీ చెప్పలేదు.

వీసా భయం

వీసా మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" అని ఉన్నవాళ్లు ఏది అడిగినా వీసాకి ముప్పని వెనక్కి తగ్గుతారు. ఎన్‌హెచ్‌ఎస్ వైద్యం ఆ జాబితాలోకి రాదు. దాతల డబ్బుతో నడిచే హాస్పిస్ సేవలూ రావు. డిజెబిలిటీ లివింగ్ అలవెన్స్ లాంటి భత్యాలు మాత్రం వస్తాయి, వాటికి అప్లై చేసేముందు ఇమిగ్రేషన్ సలహాదారుని అడగండి.

మనం చేయగలిగినవి

జలుబుంటే ఆ ఇంటికి వెళ్లకండి. వెళ్తే చేతులు కడుక్కోండి. వాళ్లమ్మని అడక్కుండా బిడ్డ నోట్లో లడ్డూ ముక్క కూడా పెట్టకండి. "ఏ జన్మ పాపమో" అనకండి. "ఏమైనా కావాలంటే చెప్పు" అంటే ఎవరూ చెప్పరు. "గురువారం బాబుని స్విమ్మింగ్‌కి నేను తీసుకెళ్తా" అనండి. ఇండియా నుంచి ఆరు నెలలకి వచ్చే అమ్మమ్మ, నాన్నమ్మలని కూడా నర్సు వచ్చే రోజు పక్కన కూర్చోబెట్టి అన్నీ నేర్పించండి.

ఇంకో మాట దాచను. ఈ పిల్లల్లో కొందరు పెద్దవాళ్లవుతారు, కొందరు అవరు. పరిస్థితి విషమిస్తే బిడ్డని ఎక్కడ ఉంచాలి, ఏ చికిత్స వద్దు అన్నది కూడా ఆ టీమ్ తల్లిదండ్రులతో నెమ్మదిగా మాట్లాడి రాసిపెడుతుంది. నా స్నేహితురాలు ఆ కాగితం రాసిన రోజు మా ఇంటికి వచ్చి చాలాసేపు కూర్చుంది. "ఇప్పుడు రాత్రిళ్లు కాస్త నిద్ర పడుతోందక్కా" అంది.

పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్లు. హాస్పిస్‌లో గోరువెచ్చని నీళ్ల కొలనంటే ప్రాణం. గురువారాలు వాళ్లన్నయ్య నాతో స్విమ్మింగ్‌కి వస్తాడు. దారంతా కబుర్లే. మీకు తెలిసిన ఏ ఇంట్లోనైనా ఈ మాట వినపడితే నాలా "వద్దు" అనేయకండి. ముందు ఆ టీమ్‌ని ఇంటికి రానివ్వమనండి.